తేదీ అడగని వైద్యం

తెల్లబట్ట అవుతోందని వచ్చిన స్త్రీని డాక్టరు మొట్టమొదట అడగాల్సింది ఒకటుంది: ముట్టయి ఎన్ని రోజులైంది? బాన్సువాడ చుట్టుపక్కల పల్లెల్లో నేను మాట్లాడిన ఆడవాళ్ళలో ఈ ప్రశ్న ఎదురైనవాళ్ళు బహు తక్కువ. స్కానింగు కాగితాలు మాత్రం దాదాపు అందరి దగ్గరా ఉన్నాయి.

"తెల్లబట్ట అయితుందంటె గర్భసంచి పాడైందన్నరక్కా. ఉంచుకుంటె కాన్సరయితదన్నరు" అంది నాట్లకు పోయే ఒకామె. పిల్లలు పుట్టేశాక ఆ సంచితో పనేముందని ఇంట్లోవాళ్ళూ అన్నారట.

అసలు తెల్లబట్ట ఎక్కడినుంచి వస్తుంది? ఎక్కువ భాగం గర్భాశయ ముఖద్వారం నుంచి, యోని లోపలి పొర నుంచి. యోని పొరలో కణాలు వరసలు వరసలుగా పేర్చి ఉంటాయి. డెస్మోగ్లీన్ వంటి ప్రొటీన్లు వాటిని ఒకదానికొకటి అతికించి ఉంచుతాయి. ముఖద్వారం లోపలివైపు ఉన్నది ఒకే వరస. అక్కడ క్లాడిన్లనే ప్రొటీన్లు కణాల మధ్య సందుల్ని మూసి ఉంచుతాయి. ఈ కట్టడమంతా అండాశయాల హార్మోన్ల అదుపులో ఉంటుంది. ఈస్ట్రోజన్ పొరను మందంగా ఉంచి, అందులో గ్లైకోజన్ నింపుతుంది. దాని ఆసరాతో బతికే లాక్టోబాసిల్లస్ బాక్టీరియా ఆమ్లం తయారుచేసి జబ్బు క్రిముల్ని నిలవనీయదు. అండం విడుదలయ్యే రోజుల్లో గుడ్డు తెల్లసొనలా సాగే స్రావం ఎక్కువవుతుంది. అది జబ్బు కాదు. తర్వాత ప్రొజెస్టెరాన్ పెరిగి స్రావం చిక్కబడుతుంది, రోగనిరోధక కణాల తీరూ మారుతుంది. హెచ్.ఐ.వి. వంటివి సోకడం ఆ రోజుల్లో తేలిక కావచ్చని కొందరు పరిశోధకుల అభిప్రాయం. దురద, దుర్వాసన, పొత్తికడుపులో నొప్పి ఉంటే సంగతి వేరు. వాటికి మందులున్నాయి. (కొన్నిటికి భర్త కూడా మందు వాడాలి. ఆ మాట ఎంతమందికి చెబుతున్నారో!)

గర్భసంచి తీసేసినంత మాత్రాన యోని పొర మారదు. అండాశయాలు కూడా తీసేస్తేనే మారుతుంది, అదీ చెడుకి. ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోయి పొర పల్చబడుతుంది, ఎండిపోతుంది, చిన్న రాపిడికే చిట్లుతుంది. ఎముకలూ బలహీనపడతాయి. కాన్సరుకో, ఆగని రక్తస్రావానికో చేసే ఆపరేషన్ని నేను తప్పుపట్టడం లేదు. తెల్లబట్టకి చికిత్స పేరుతో రక్షణగోడనే కూల్చడం ఏ వైద్యం?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలో నూటికి ముగ్గురైతే, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఎనిమిదికి పైనే. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. కమిటీలు వేయడం మంచిదే. ఆ కమిటీల్లో మనం అడగాల్సినవి చిన్న విషయాలే. ఓ.పి. చీటీ మీద వయసు, బి.పి. రాసేచోట ముట్టయిన తేదీకి ఒక గడి ఉండాలి. ఆపరేషన్‌కి సంతకం తీసుకునే కాగితం మీద, అండాశయాలు ఉంచుతారో తీస్తారో, ఎందుకో, తెలుగులో రాసి ఆమెకు చదివి వినిపించాలి.