మోకాలి సిమెంటులోనూ పేదోళ్లకు ఒకటి, పెద్దోళ్లకు ఒకటా?

నాట్లు వేసి, మురుగు కాలువల్లో దిగి, బట్టీల్లో ఇటుకలు మోసి అరిగిపోయిన మోకాళ్లు మా వాడల్లో ఇంటికొకటి కనిపిస్తాయి. ఏళ్ల తరబడి గొంతుక్కూర్చుని, బరువులెత్తి చేసే పనులు కీళ్లను అరగదీస్తాయని వైద్యశాస్త్రమే చెబుతోంది.

2017 ఆగస్టులో కేంద్రం కృత్రిమ మోకాలికి గరిష్ఠ ధర నిర్ణయించింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకం సగటున 1,58,324 రూపాయల నుంచి 54,720కి దిగింది. మంచిదే. కానీ ఆ అదుపు కీలు భాగాలకే. ఆపరేషన్ తర్వాత చీము పట్టకుండా కాపాడే ఖర్చు సంగతేంటి?

కీలును ఎముకకు పట్టి ఉంచేది బోన్ సిమెంటు. పేరుకే సిమెంటు, నిజానికి అది ఒక రకం ప్లాస్టిక్. పొడి, ద్రవం కలిపితే ముద్దయి నిమిషాల్లో గట్టిపడుతుంది. అందులో జెంటామైసిన్ కలిపిన అనుభవాన్ని 1970లో హాంబర్గ్ సర్జన్లు బుక్‌హోల్జ్, ఎంగెల్‌బ్రెక్ట్ ప్రకటించారు. మందు కీలు దగ్గరే ఊరుతుంది. లోహానికి అంటుకుని పొర కట్టుకున్న క్రిములను ఇంజెక్షన్లతో చంపడం కష్టం కాబట్టి ముందే అడ్డుకోవాలన్నది ఆలోచన.

ఇదేమీ మంత్రం కాదు. మొదటి ఆపరేషన్‌లో అందరికీ అవసరమా అన్నదానిపై డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. మందు మోతాదు మించితే సిమెంటు బలం తగ్గుతుంది. చాలాకాలం కొద్దికొద్దిగా ఊరే మందుకు క్రిములు మొండికెత్తే ప్రమాదమూ ఉంది. శుభ్రమైన ఆపరేషన్ థియేటర్‌కు ఇది బదులు కాదు. అయితే షుగర్, కీళ్లవాతం ఉన్నవారికి, రెండోసారి ఆపరేషన్ అయ్యేవారికి ముప్పు ఎక్కువ. ఎవరికి వాడాలో ఆ ముప్పే తేల్చాలి, జేబు కాదు.

ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్ వంటి పథకాల్లో ఆపరేషన్‌కు ఇంత అని ప్యాకేజీ ఉంటుంది. ఖరీదైన సిమెంటు వాడితే ఆసుపత్రికి మిగిలేది తగ్గుతుంది. ఏది వాడారో కార్డు పట్టుకుని వచ్చిన కూలితల్లికి ఎవరు చెబుతారు?

ఇన్ఫెక్షన్ సోకేది నూటికి ఒకరిద్దరికే. సోకితే మాత్రం పెట్టిన కీలు తీసేసి, మందు కలిపిన సిమెంటు దిమ్మ పెట్టి, వారాల తరబడి యాంటీబయాటిక్స్ ఇచ్చి, మళ్లీ కోయాల్సి రావచ్చు. 2017 ధరల్లోనే రెండోసారి పెట్టే కీలు 1,13,950 రూపాయలు. మొదటిదానికి రెట్టింపు పైనే! ఆ నెలలన్నీ పోయే కూలి ఏ ప్యాకేజీలోనూ ఉండదు.

మేము అడిగేది మూడే. ముప్పు ఉన్న రోగికి మందు సిమెంటు ఖర్చు ప్యాకేజీలో విడిగా చేర్చాలి. వాడిన సిమెంటు పేరు డిశ్చార్జి కాగితం మీద తెలుగులో రాయాలి. ఏ ఆసుపత్రిలో ఎందరికి చీము పట్టిందో, అందులో ఎస్సీ, ఎస్టీలు ఎందరో ఏటా బయటపెట్టాలి.

డబ్బుల్లేవన్న సాకుతో ప్రభుత్వం వైద్యం బాధ్యత నుంచి తప్పుకోలేదని 1996లో పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది అత్యవసర వైద్యంపై వచ్చిన తీర్పే కావచ్చు. ఆ కేసు వేసింది మాత్రం వ్యవసాయ కూలీల సంఘం. ఆ కూలీల మోకాళ్ల గురించే మేమిప్పుడు అడుగుతున్నాం.