నీటి నడుమ నాగార్జునకొండ

నాగార్జునకొండ పుట్టుకతో ద్వీపం కాదు. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి విలసిల్లిన కృష్ణాలోయలో అదొక కొండ మాత్రమే. నల్లగొండ జిల్లా నందికొండ వద్ద 1955లో సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. లోయ మునుగుతుందని ముందే తెలుసు గనుక 1954 నుండి 1960 వరకు తవ్వకాలు సాగాయి. స్తూపాలు, విహారాలు, స్నానఘట్టాలు బయల్పడ్డాయి. కొన్నింటిని కొండపైన, అనుపు వద్ద పునర్నిర్మించారు. ఊళ్లు విడిచిపోయిన కుటుంబాల పాటలను, పొలిమేర కథలను అంత శ్రద్ధగా ఎవరు సేకరించారు?

ఆనాటి ముంపుకు ఒక గడువుంది. వాతావరణ మార్పు గడువు ఇవ్వదు. ఒక డిగ్రీ వేడెక్కిన గాలి సుమారు 7 శాతం అధికంగా తేమను మోయగలదు. అందుచేత కొన్నాళ్ల వాన కొన్ని గంటలలో కురుస్తుంది. ఆ పిమ్మట చాలాకాలం చినుకుండదు. పాలమూరుకు అనావృష్టి పాత చుట్టమే. అటువంటి నేలపై, సాగరానికి ఎగువనున్న ఆలంపురాన్ని 2009 అక్టోబరులో వరద ముంచెత్తింది. శ్రీశైలం జలాశయపు ముంపు నుండి కాపాడాలని కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి తెచ్చి నిలిపింది ఆ ఊరిలోనే!

ఒక్క వరదను చూపి కారణమిదేనని తేల్చడం శాస్త్రం కాదు. అటువంటి వరదలకు అవకాశం పెరుగుతున్నదనడం మాత్రం శాస్త్రమే. ఆనాడు ఆరేళ్లు తవ్వినవారి శ్రద్ధ నేడు ఒడ్డున నిలిచిన కట్టడాలకు కావాలి. శాసనాలకు ప్రతులు తీయాలి. పడవవారి, జాలరుల జ్ఞాపకాలను రాసిపెట్టాలి. నీటి విడుదలకు ముందు హెచ్చరించవలసిన ఊళ్ల పట్టికలో ఆలయాలు, మ్యూజియంలు కూడా చేరాలి.