హద్దు గీత లేని గ్రాఫును నోటీసు బోర్డు నుంచి తీసేయండి

గని గాలిలో గ్యాసు, కప్పు కదలిక, దుమ్ము, బ్లాస్టింగ్ అదురు. వీటిలో దేని రీడింగులనైనా కంప్యూటర్‌లో గ్రాఫుగా గీసి పంచేవాళ్లూ, ఆ గ్రాఫు చూసి నిర్ణయం తీసుకునేవాళ్లూ ఈ రోజు నుంచే ఒక నియమం పెట్టుకోవాలి. నిలువు అక్షం ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉందో, చట్టం పెట్టిన హద్దు ఎక్కడుందో, ఏ గంటల రీడింగులు అందలేదో చెప్పని గ్రాఫును భద్రత మాట వచ్చినచోట పక్కన పెట్టాలి. అది ఎంత నీటుగా ఉన్నా సరే.

మందమర్రిలో ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కేకే-5, శాంతిఖని, కాసిపేట లాంటి భూగర్భ గనులు, ఆ పక్కనే ఓపెన్‌కాస్టులు ఉన్న ప్రాంతమిది. బాయి పని చేసిన తండ్రుల పిల్లలు బీటెక్‌లు చదివి పైథాన్ నేర్చుకున్నారు. ఇప్పుడు గ్రాఫు కోసం వాళ్లు కోడ్ రాయనక్కర్లేదు కూడా. ఏఐని అడిగితే పది వరుసలు రాసిస్తుంది. ఆ వరుసల్లో ఏ సెట్టింగు ఏం చేస్తోందో ఎవరూ చూడకుండానే బొమ్మ వాట్సాప్ గ్రూపులకు ఎక్కిపోగలదు. చేత్తో రాసిన రిజిస్టరులో కొట్టివేత కనబడితే నలుగురూ అడుగుతారు. రంగుల గ్రాఫును చూసి అడిగేవాళ్లు తక్కువ.

ఆ కోడ్‌లో తరచూ కనిపించే పేరు మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే గ్రాఫుల లైబ్రరీది. మూర్ఛ రోగుల మెదడు సంకేతాలను తెరమీద చూడటానికి నాడీశాస్త్ర పరిశోధకుడు జాన్ హంటర్ మొదలుపెట్టిన సాధనమిది. 2003లో బయటికొచ్చింది. 2012లో ఆయన చనిపోయాక కూడా ఇతర ప్రోగ్రామర్లు దాన్ని పెంచుతూ వచ్చారు. అది ఉచితం, దాని కోడ్ బహిరంగం, గీత మందం నుంచి అంకెల రూపం దాకా అందులో అన్నీ మార్చుకోవచ్చు. సాధనంలో లోపం లేదు. కానీ మనం ఏమీ చెప్పకపోతే అది తనంతట తాను కొన్ని నిర్ణయాలు తీసుకుంటుంది, అవి గనికి పనికొస్తాయో లేదో దానికి తెలియదు. మనం చెప్పిన మార్పుల్లో ఏది అలంకారమో, ఏది సమాచారాన్నే మార్చేస్తోందో కూడా అది వేరుచేసి చెప్పదు.

మొదటి ప్రమాదం నిలువు అక్షం. హద్దులు ఇవ్వకుండా గీత గ్రాఫు గీయిస్తే లైబ్రరీ కనిష్ఠ, గరిష్ఠ విలువలు చూసుకుని, పైనా కిందా ఐదు శాతం ఖాళీ వదిలి చట్రం నింపేస్తుంది. మీథేన్ 0.30, 0.34 శాతం మధ్య ఊగినా కొండ ఎక్కి దిగినట్టే కనిపిస్తుంది. అదే రోజు సెన్సార్‌ను సరిచూడటానికి పట్టించిన 2 శాతం పరీక్ష గ్యాసు రీడింగు డేటాలో ఉండిపోతే అంతా తిరగబడుతుంది: పని స్థలాల నుంచి తిరిగి బయటికి పోయే రిటర్న్ గాలిలో 0.3 నుంచి 0.8కి పెరిగిన అసలు గీత అడుగుకు అణిగిపోతుంది. బొగ్గు గనుల నిబంధనల ప్రకారం ఒక వెంటిలేషన్ డిస్ట్రిక్టు రిటర్న్ గాలిలో మండే గ్యాసు 0.75 శాతం దాటకూడదు, గనిలో మరెక్కడైనా 1.25 దాటకూడదు. అంటే అడుగున అణిగి కనిపించిన ఆ గీత అప్పటికే హద్దు దాటింది. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. చట్టం హద్దులను అంత దిగువన పెట్టింది మనుషులు వెనక్కి రావడానికి వ్యవధి ఉండాలనే. ఆ వ్యవధిని ఒక స్కేలు సెట్టింగు మింగేయకూడదు.

చేత్తో హద్దులు ఇచ్చినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. గ్రాఫులన్నీ ఒకేలా కనిపించాలని అక్షాన్ని 0 నుంచి 1 వరకు బిగిస్తే 1.4 రీడింగు చట్రం బయట పడుతుంది. లైబ్రరీ ఏ హెచ్చరికా లేకుండా గీతను అంచు దగ్గర కోసేస్తుంది. పెద్ద స్కేలు పెడితే చాలనుకోవడం కూడా పొరపాటే. బొగ్గు తనంతట తాను వేడెక్కుతోందా అని చూడటానికి వాడే గ్రహామ్ నిష్పత్తిని తీసుకోండి. తగ్గిన ఆక్సిజన్‌తో పోలిస్తే పుట్టిన కార్బన్ మోనాక్సైడ్ ఎంత శాతమో అది చెబుతుంది. 1 దాటితే వేడి మొదలైనట్టు, 2 దాటితే తీవ్రమైనట్టు, 3 దాటితే నిప్పు ఉన్నట్టు లెక్క. అయినా ఒక్క రోజు అంకె కన్నా పెరుగుదలే ముఖ్యం. వారాలుగా 0.4 నుంచి 0.9కి ఎక్కుతున్న నిష్పత్తిని 0 నుంచి 20 దాకా ఉన్న స్కేలు మీద గీస్తే పడుకున్న గీతే కనిపిస్తుంది.

అక్షం మీది అంకెలను కూడా చదివి చూడాలి. బయటి వాతావరణ పీడనం పడిపోయినప్పుడు బొగ్గు తీసేసిన ఖాళీలో, అంటే గోఫ్‌లో, చేరిన గ్యాసు పని జరిగేచోటికి వస్తుంది. అందుకే బారోమీటర్ రీడింగులకు గనిలో అంత విలువ. ఆ పీడనాన్ని పాస్కళ్లలో గీసి, విలువలు 1,01,210 నుంచి 1,01,250 మధ్య ఉన్నాయనుకోండి. మ్యాట్‌ప్లాట్‌లిబ్ మామూలుగా 1,01,200ను విడదీసి పై మూలన చిన్న అక్షరాల్లో పెట్టి, అక్షం మీద 10, 20, 30 లాంటి చిన్న అంకెలు మాత్రమే రాస్తుంది. ఫోన్‌లో ఆ బొమ్మ అంచులు కత్తిరించి పంపితే మూలనున్న అంకె పోతుంది. మిగిలినదాన్ని చూసినవాడు ఏం అర్థం చేసుకోవాలి?

ఇంతకన్నా మోసపూరితమైనది డేటా ఫైలులో ఉంటుంది. రీడింగుల కాలమ్‌లో ఒకచోట అంకెకు బదులు చిన్న గీతో, శాతం గుర్తో పడితే కాలమ్ మొత్తం పాఠంగా మారిపోవచ్చు. అప్పుడు లైబ్రరీ 0.3, 1.2, 0.4లను అంకెలుగా చూడదు, పేర్లుగా చూస్తుంది. ఏది ముందు వస్తే దాన్ని కింద పెట్టి, అన్నింటి మధ్యా సమాన దూరం ఇస్తుంది. గ్రాఫు మాత్రం మామూలుగానే వస్తుంది. తేదీల సంగతీ అంతే: మనం 05-04-2025 అని రాసిన ఏప్రిల్ 5ను, డేటా ఫైలు చదివే పాండాస్ లైబ్రరీకి రోజు ముందని చెప్పకపోతే అది మే 4గా చదువుతుంది.

లేని రీడింగులు చేసే హాని ఉన్న రీడింగులకన్నా పెద్దది. కరెంటు పోయి సెన్సార్ రెండు గంటలు మూగబోతే, ఖాళీ వరుసలను ముందే తొలగించిన డేటాలో లైబ్రరీ ఆ ఖాళీకి ఇటు చివరనూ అటు చివరనూ తిన్నని గీతతో కలిపేస్తుంది. ఏమీ జరగలేదని ఆ గీత సాక్ష్యం చెబుతుంది. అక్కడ ఎవరూ చూడలేదన్నదే నిజం. గనుల బయటా ఇలాంటిదే జరిగింది. 1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక పేలి ఏడుగురు చనిపోవడానికి ముందు రాత్రి, చలికి రబ్బరు సీళ్లు తట్టుకుంటాయా అన్న చర్చ జరిగింది. సీళ్లు దెబ్బతిన్న ప్రయోగాలనే చూసి, దెబ్బతినని వాటిని పక్కన పెట్టినందువల్ల ఉష్ణోగ్రతతో ఉన్న సంబంధం కనబడకుండా పోయిందని విచారణలో తేలింది. అక్కడ కొరవడింది కొన్ని చుక్కలే.

సగటు కూడా ఇలాంటి మాయే. గంటలో నిమిషానికొకటి చొప్పున 60 రీడింగులు. వాటిలో 55 సార్లు 0.4 శాతం, 5 సార్లు 1.6 శాతం. గంట సగటు 0.5. గ్రాఫులో అంతా పచ్చగా ఉంటుంది, గనిలో ఐదు నిమిషాలు హద్దు దాటింది. ఊరి గాలిలో పీఎం10 దుమ్ముకు 100 మైక్రోగ్రాముల హద్దును 24 గంటల సగటు మీదే పెట్టారు కాబట్టి అక్కడ సగటు న్యాయమే. గ్యాసుకు ఆ పద్ధతి చెల్లదు. సగటుతో పాటు గరిష్ఠాన్నీ గీయాల్సిందే.

ఓపెన్‌కాస్టుల పక్కన ఉన్న ఊళ్లవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. బ్లాస్టింగ్ అదురుకు ఒకే హద్దు లేదు. గని యాజమాన్యానికి చెందని ఇళ్ల విషయంలో గనుల భద్రత డైరెక్టరేట్ 1997 సర్క్యులర్ ప్రకారం, అదురు పౌనఃపున్యం 8 హెర్ట్జ్ లోపు ఉంటే సెకనుకు 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 మధ్య 10, ఆపైన 15. గ్రాఫు మీద 15 దగ్గర ఒక్క ఎర్రగీత గీసి అన్ని చుక్కలూ దాని కిందే ఉన్నాయని చూపిస్తే అబద్ధం ఆడనక్కర్లేదు, పౌనఃపున్యం చెప్పకుండా ఉంటే చాలు.

రంగులు, అక్షరాలు చిన్న విషయాలనుకోవద్దు. మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2017లో వచ్చిన 2.0తో పాత ఇంద్రధనుస్సు రంగులను వదిలి విరిడిస్‌ను డిఫాల్టుగా తెచ్చింది. పాతది లేని అంచులను ఉన్నట్టు చూపేది, జిరాక్సులో క్రమం తప్పేది. ఇప్పటికీ పాత కోడ్ కాపీ కొట్టి ఆ రంగులనే వాడేవారున్నారు. ఇక తెలుగు. ఈ లైబ్రరీ డిఫాల్టు ఫాంటులో తెలుగు లేదు, డబ్బాలు పడతాయి. తెలుగు ఫాంటు పెట్టినా ఒత్తులూ గుణింతాలూ చెదిరిపోవడం చాలాకాలంగా ఉన్న సమస్య. దాంతో ఇంగ్లిషులోనే వదిలేస్తే, ఆ గ్రాఫు ఎవరి ప్రాణం కోసమో వాళ్లే చదవలేరు. బొమ్మను ఎస్‌వీజీ ఫైలుగా దాచి, అక్షరాలను గీతలుగా మార్చకుండా పాఠంగానే ఉంచమని చెబితే బ్రౌజర్ తెలుగును సరిగా చూపిస్తుంది. దారి ఉంది కాబట్టి సాకు లేదు.

ఈ బొగ్గు బెల్టుకు హెచ్చరికల విలువ కొత్తగా చెప్పాలా? 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది పోయారు. 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో కప్పు కూలి ముగ్గురు పోయారు. వాటికి గ్రాఫులు కారణమని ఇక్కడ చెప్పడం లేదు. గనిలో ముందుగా అందే ప్రతి సంకేతమూ ఎంత విలువైందో అవి గుర్తు చేస్తాయి.

గీసేవాళ్లు చేయాల్సింది ఇది. ఒక గనికి ఒకే స్టైల్ ఫైలు పెట్టుకోండి. మూలన అంకె దాచే పద్ధతిని అందులోనే ఆపేయండి. స్టైల్ ఫైలు హద్దు గీతలు గీయదు కాబట్టి, 0.75, 1.25 గీతలను ప్రతి గ్రాఫులో తప్పక వేసే ఫంక్షన్ ఒకటి రాసి అందరూ దాన్నే వాడండి. కాలమ్‌లో అంకె కానిది కనబడితే ప్రోగ్రామ్ ఆగిపోవాలి. అందని గంటలు తెల్లగా, తెగిన గీతగా కనిపించాలి. పరీక్ష గ్యాసు రీడింగులను చెరిపేయకుండా వేరే గుర్తుతో చూపండి.

అధికారులు గ్రాఫుతో పాటు డేటా ఫైలునూ, గీసిన కోడ్‌నూ సేఫ్టీ కమిటీకి ఇవ్వాలి. బహిరంగ సాధనం వాడి ఫలితాన్ని మూసిపెట్టడంలో అర్థం లేదు. కార్మికుల తరఫున తనిఖీ చేసే వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్ తన కొడుకు ల్యాప్‌టాప్‌లో మళ్లీ గీసి చూసుకోగలగాలి. యూనియన్లు వచ్చే కమిటీ సమావేశంలోనే ఈ డిమాండ్ పెట్టాలి.

ఇక షిఫ్టుకు దిగేవాళ్లకు. గ్రాఫు ఒకటి చెప్పి, మైనింగ్ సర్దార్ చేతిలోని మీథనోమీటర్ ఇంకోటి చెబితే మీథనోమీటర్ మాటే వినండి. ముందు మనుషులు బయటికి రావాలి, గ్రాఫు ఎందుకు తప్పిందో ఆ తర్వాత వెతకవచ్చు.