తాకని వైద్యం మనకు కొత్తా?

గుండె డాక్టరు మన గూడెం దాకా వచ్చేశాడని సర్కారు వారు చాటుకుంటున్నారు. జీపులో రాలేదు, తెర మీద వచ్చాడు. ఉపకేంద్రంలో కంప్యూటరు ముందు కుర్చీ వేస్తారు. ముసలమ్మ వచ్చి కూచుంటుంది. పట్నంలో ఉన్న స్పెషలిస్టు బొమ్మలో కనపడి నాలుగు మాటలడిగి మందులు రాస్తాడు. 2019 నవంబరులో కేంద్రం మొదలుపెట్టిన ఈ-సంజీవని ఈ పద్ధతిదే. కార్పొరేటు ఆసుపత్రులైతే ఫీజు పుచ్చుకుని ఫోన్లోనే చూస్తున్నాయి. దూరం చచ్చిపోయిందని పెద్దలంటున్నారు. ఎవరికి చచ్చిపోయింది?

దూరం నుంచి చేసే వైద్యం మనకు కొత్తేమీ కాదు. బాబాసాహెబ్ అంబేద్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఒక సంగతి రాశాడు. కాథియవాడ్‌లో ఒక అంటరాని బడిపంతులు. ఆయన భార్య బాలింత, జబ్బు పడింది, ఊపిరాడటం లేదు. హిందూ డాక్టరు వాడలోకి రానన్నాడు. ఊరి పెద్దలు పూచీపడి రెండు రూపాయల ఫీజుకు ఒప్పిస్తే, రోగిని వాడ బయటికి తీసుకురమ్మన్నాడు. పచ్చి బాలింతను బిడ్డతో సహా బయటికి మోసుకొచ్చారు. డాక్టరు థర్మామీటరు తీసి ఒక ముస్లిం చేతికిచ్చాడు, ఆయన భర్తకిచ్చాడు, భర్త భార్యకు పెట్టాడు. మళ్ళీ అదే వరసలో వెనక్కి వెళ్ళింది. దీపం వెలుగులో అంకె చూసి న్యుమోనియా అన్నాడు. మళ్ళీ చూడటానికి రాలేదు. ఆమె చచ్చిపోయింది. ఆ పంతులు రాసుకున్న ఉత్తరం 1929 డిసెంబరు 12న 'యంగ్ ఇండియా'లో అచ్చయింది. డాక్టరు చదువులో లోపం లేదు, జబ్బు పేరు కూడా చెప్పాడు. చెయ్యి మాత్రం ఆన్చలేదు.

ఆనాటి డాక్టరూ ఈనాటి తెర డాక్టరూ ఒకటేనా అని ఎవరైనా కోప్పడవచ్చు. ఒకటి కాదు. ఇవాళ్టాయన మనసులో ఏ పాపమూ లేకపోవచ్చు. కానీ గుండె జబ్బును మాటలతోనే పట్టుకోలేరు. కాళ్ళు వాచాయా అని అడిగితే మా పెద్దమ్మలు "ఏమో బాబూ, నడిచి నడిచి అట్టా ఉంటయ్" అంటారు. డాక్టరైతే మడమ పైన బొటనవేలితో నొక్కి చూస్తాడు. గుంట పడి అలాగే నిలిస్తే నీరు చేరిందని అర్థం. మెడ నరాలు ఉబ్బాయేమో చూస్తాడు. వీపు మీద గొట్టం ఆన్చి ఊపిరితిత్తుల అడుగున చిటపట వినపడుతుందా అని వింటాడు. వాల్వు చెడితే గుండె చప్పుళ్ళ మధ్య గాలి ఊదినట్టు ఒక శబ్దం వస్తుంది. అది మామూలు కెమెరాకు కనపడదు, ఫోన్లో వినపడదు. దాన్ని విన్నాక ఎకో తియ్యాలి. ఎకో మిషను మన ఉపకేంద్రంలో ఉండదు.

అంచేత తెర డాక్టరుకు రోగి పక్కన ఇంకొకరి చేతులు కావాలి. బీపీ పట్టీ చుట్టేవారు, ఈసీజీ తీగలు ఛాతీకి అంటించేవారు, కాలు నొక్కి "గుంట పడిందండీ" అని చెప్పేవారు. ఆ చేతులు ఎవరివి? 11 రాష్ట్రాల్లో 565 ఊళ్ళు తిరిగి చేసిన అంటరానితనం సర్వే 2006లో పుస్తకంగా వచ్చింది. ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తలు దళితుల ఇళ్ళకు వెళ్ళని ఊళ్ళు నూటికి 33 అని అందులో లెక్క తేలింది. స్క్రీనుకు కులం లేదంటున్నారు కదా, నిజమే. స్క్రీనుకు చేతులు కూడా లేవు. పక్కనున్న చెయ్యికి కులం ఉంది.

ఇంకో మాట. గుండె జబ్బంటే తిని కూచునే షావుకారు జబ్బని మనవాళ్ళలో ఒక అపోహ. ఒకే గదిలో ఏడెనిమిది మంది పడుకునే ఇళ్ళలో పిల్లలకు గొంతునొప్పి వస్తుంది. మందు పడకపోతే కొందరికి కీళ్ళ నొప్పులు, జ్వరం వస్తాయి. అదే ముదిరితే కొన్నేళ్ళకు గుండె వాల్వులు పాడవుతాయి. రుమాటిక్ జబ్బంటారు దీన్ని. పేదరికపు గుండె జబ్బు ఇదే. దీన్ని ఆపేది 3, 4 వారాలకోసారి ఏళ్ళ తరబడి వేసే పెన్సిలిన్ ఇంజెక్షను. అది కూడా ఎవరో ఒకరు మన పిల్ల చెయ్యి పట్టుకుని వెయ్యాల్సిందే. బళ్ళో ఆటల పీరియడులో రెండు రౌండ్లకే ఆయాసపడి గట్టున కూచునే పిల్లను మేం బద్ధకస్తురాలంటాం. ఆ పిల్ల ఛాతీ మీద గొట్టం ఆన్చిన వారెవరు?

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, పేర్లు మార్చుకుంటూ వచ్చినా, ఆపరేషను దాకా ముదిరితే ప్రైవేటు ఆసుపత్రికి కూడా సర్కారు సొమ్ము కడుతుంది. ముదరకముందు పట్టుకునే పని మాత్రం ఎవరికీ లాభసాటి కాదు.

మన కుర్రాళ్ళు కొందరు నాతో వాదిస్తున్నారు. "మాస్టారూ, పట్నం పోవాలంటే ఇద్దరికి బస్సు ఛార్జీలు, రెండు రోజుల కూలి పోతయ్. ఇంట్లో కూచునే చూపించుకుంటే నష్టమేంటి?" అని. న్యాయమైన మాటే. స్టెంటు వేయించుకున్నాయన బీపీ మందు సరిపోతోందా లేదా అడగడానికి పట్నం పోనక్కర్లేదు. గుండెపోటు వచ్చినప్పుడు ఈసీజీ తీసి పెద్దాసుపత్రికి ఫోన్లో పంపి, అక్కడివాళ్ళు చూసి చెబితే గడ్డ కరిగించే ఇంజెక్షను దగ్గరి ఆసుపత్రిలోనే వేసే పద్ధతి ప్రాణాలు నిలబెడుతుంది. గంటలు కాదు, నిమిషాలు లెక్క అక్కడ. దీన్ని వద్దనే మూర్ఖుడెవడు? అయితే ఒకటి గమనించండి తమ్ముళ్ళూ. అక్కడ ఈసీజీ మిషనుంది, ఇంజెక్షనుంది, సూది గుచ్చే డాక్టరున్నాడు. తెర వాళ్ళకు తోడు.

చిత్తూరు జిల్లా అరగొండలో 2000 మార్చి 24న అమెరికా ప్రెసిడెంటు క్లింటన్ చేత టెలిమెడిసిన్ ప్రారంభం చేయించారు. గొప్పగా చెప్పుకుంటారు. ఆ ఊరు అపోలో యజమాని సొంతూరు, అక్కడ ముందు ఆసుపత్రి కట్టారు, ఆ తర్వాత ఉపగ్రహం. మనకేమో ఆసుపత్రి లేకుండా ఉపగ్రహం ఒక్కటే చాలంటున్నారు. ఏరియా ఆసుపత్రిలో గుండె డాక్టరు పోస్టు ఏదని అడిగితే తెర చూపిస్తారు. పేచీ అంతా అక్కడే ఉంది.

2020 మార్చి 25న కేంద్రం ఇచ్చిన టెలిమెడిసిన్ నిబంధనల్ని సంఘాల వాళ్ళు చదివి వాడలో చెప్పాలి. వీడియోలో చూస్తే సరిపోతుందో లేదో డాక్టరే తేల్చుకోవాలి, సరిపోకపోతే నేరుగా రమ్మనాలి. రోగి ఏ క్షణాన్నైనా ఇక చాలని ఆపెయ్యొచ్చు. చీటీ మీద డాక్టరు పేరు, రిజిస్ట్రేషను నంబరు ఉండాలి. అవి లేని చీటీ ఎవరిచ్చినా తీసుకోవద్దు. మా పెద్దమ్మకు ఇంగ్లీషులో అడుగుతుంటే పక్కన తొమ్మిదో తరగతి మనవరాలిని దుబాసీగా కూచోబెట్టొద్దు, తెలుగు మాట్లాడే డాక్టరు కావాలని అడగండి.

వచ్చే గ్రామసభకు అర్జీ రాసుకుని పోదాం. మొదటిసారి గుండె పరీక్ష మనిషి చేతుల మీదుగానే జరగాలి, తెర ఆ తర్వాతే. ఏరియా ఆసుపత్రిలో ఎకో మిషను, దాన్ని తీసే మనిషి, వారంలో ఏ రోజు ఉంటారో గోడ మీద రాసి ఉండాలి. బళ్ళో పిల్లలందరి ఛాతీలకూ ఏడాదికోసారి గొట్టం పెట్టాలి. ఏఎన్‌ఎమ్మమ్మ, ఆరోగ్య అధికారి నెలలో ఎన్నిసార్లు గూడెంలోకి వచ్చారో, ఎన్నిళ్ళ గడప తొక్కారో రిజిష్టరు సభలో చదివి వినిపించాలి. ఆ రిజిష్టరు ముందురోజే నకలు అడగండి. సభలో అడిగితే తాళంచెవి లేదంటారు.