నీళ్ల కంటే ముందు పైకం రావల్ల

2020 సెప్టెంబరులో గండికోట వెనకజలాలు కొండాపురం మండలం తాళ్లప్రొద్దుటూరు ఇళ్లలోకి చొరబడినాయి. పరిహారం అందందే కదలమని జనం బైఠాయించినారు. ఆ నీళ్లు లిఫ్టెక్కి పులివెందులకు, మైలవరం మీదుగా జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చేలకు పోతాయి. పోనీండి, రైతు బతకల్ల. మరి వాడ సంగతేంది?

2013 భూసేకరణ చట్టం సాగునీటి ప్రాజెక్టుల్లో మునకకు 6 నెలల ముందే పునరావాసం ముగించమంటుంది. భూమిలేని కూలీనీ బాధితుడిగానే లెక్కిస్తుంది. నిర్వాసిత కుటుంబానికి ఏడాదిపాటు నెలకు 3,000, తరలింపుకు 50,000 రూపాయలు రాసింది.

భూస్వామికి ప్రొద్దుటూరులో అద్దె ఇల్లు దొరుకుతుంది. కూలోనికి అడ్వాన్సు కట్టే దిక్కేదీ? కులం అడగకుండా ఇల్లిచ్చేదెవరు? ఆలస్యంగా వచ్చిన పైకం వడ్డీకే పోతుంది. మేమడిగేది దానం కాదు, హక్కు. ఏ ఊరు ముంచినా, ముందు వాడ లెక్క తేల్చండి!