కుక్కపిల్లలు జూలై దాకా ఆగలేవు

అనకాపల్లి జిల్లా పశుసంవర్ధక శాఖ అధికారి గారికి,

ఏటా జూలై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల) దినం నాడు, పెంపుడు కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకా వేస్తున్నారు. 1885లో పాశ్చర్ తొలి రేబిస్ టీకా వేయించిన రోజది. ఎంతో మంచి పని. కానీ మా చోడవరానికి ఆ ఒక్క రోజు చాలదు.

మన ఊళ్లలో కుక్కలు ఎక్కువగా కార్తీకంలో జతకట్టి పుష్యమాసంలో పిల్లల్ని పెడతాయి. పిల్లకు మూడు నెలలు నిండేసరికి, అంటే చైత్రానికే, రేబిస్ టీకా పడాలి. జూలై టీకా శిబిరం వచ్చేది ఆషాఢం దగ్గర్లో. ఈలోగా ఆ పిల్లతో ఆడుకునేది మన పిల్లలే! మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం దాకా కుక్కల నుంచే వస్తుంది, లక్షణాలు కనిపించాక దాదాపు ఎవరూ బతకరు.

పార్వో, డిస్టెంపర్ టీకాలైతే ఇంకా ముందే, ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టాలి. మాకు మరో ముప్పూ ఉంది. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ చుట్టూ చెరకు తోటలున్నాయి, తోటల్లో ఎలుకలుంటాయి. వానాకాలంలో వాటి మూత్రం కలిసిన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ కుక్కకూ రైతుకూ సోకవచ్చు. దానికీ కుక్కలకు టీకా ఉంది.

అందుకే అడుగుతున్నాను. మా పశువైద్యశాలలో వారానికో రోజు కుక్కల టీకాలకే కేటాయించండి. టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి కాబట్టి, కరెంటు పోయినా ఆగని ఫ్రిజ్ ఇప్పించండి. నులిపురుగుల మందు, గోమార్ల మందు అక్కడే దొరకాలి. ప్రతి కుక్కకూ తేదీలు రాసిన కార్డు ఇవ్వండి. ఈ చైత్రానికే మొదలుపెట్టండి.

ఇట్లు,
చోడవరం పౌరుడు