పదిమంది ఉపాధ్యాయులు, ఒక ఆచార్యుడు

ఫుట్‌బాల్ అనగానే మన మనసులో మెదిలేది గుండ్రని బంతి, దానిని కాలితో తన్నే ఆటగాళ్ళు. అమెరికావారు ఆ పేరుతో పిలుచుకొనే ఆట వేరు. అందులో బంతి కోలగా ఉంటుంది. ఎక్కువ భాగం చేతులతోనే ఆడతారు. తలకు శిరస్త్రాణం, భుజాలకు కవచం ధరించి, పక్షానికి పదకొండుమంది చొప్పున వ్యూహం పన్ని ఒకరినొకరు ఢీకొంటారు. చదరంగమూ మల్లయుద్ధమూ కలిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అక్కడి విశ్వవిద్యాలయాలు ఈ ఆటను నడిపే తీరు మనకు విడ్డూరంగా తోస్తుంది. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయపు క్రీడాంగణంలో లక్షమందికి పైగా కూర్చోవచ్చు. మా అమ్మాయి సంసారం ఆ రాష్ట్రంలోనే కావడం వల్ల, అక్కడ గడిపిన రెండు మూడు శరత్తులలో నాకూ ఈ ఆటతో పరిచయం కలిగింది.

పరిచయం కలిగిన తరువాత నా దృష్టి ఆటగాళ్ళ మీద కంటె వారికి నేర్పేవారి మీద నిలిచింది. ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పిన ప్రాణం కదా, పాఠం చెప్పేవాడు ఎక్కడున్నా అటే పోతుంది. జట్టు గెలిస్తే ప్రధాన శిక్షకుని పేరు పత్రికలకు ఎక్కుతుంది. ఆయన కింద పనిచేసే సహాయ శిక్షకులను, అంటే అసిస్టెంట్ కోచ్‌లను, వారి వీథిలోవారు సైతం గుర్తుపట్టరు. ఆటను చేయి పట్టుకొని నేర్పేది మాత్రం వీరే. ఈ సహాయకుల జీవనమార్గాన్ని ప్రధాన పదవికి వేసిన నిచ్చెనగా మాత్రమే లెక్కిస్తున్న పద్ధతి సరియైనది కాదని నా అభిప్రాయం. ఎందుకో నివేదిస్తాను.

ముందుగా మాట సంగతి. హంగరీ దేశంలో కోచ్ అనే గ్రామం ఉంది. అక్కడ తయారైన గుర్రపుబండికి ఆ ఊరి పేరే వచ్చింది. పందొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లండు విశ్వవిద్యాలయాల విద్యార్థులు, తమను పరీక్ష గట్టెక్కించే ఉపదేష్టను పరిహాసంగా ఆ బండి పేరుతో పిలిచారు. ఆటలలోకి ఈ మాట ఆ తరువాత వచ్చింది. కనుక కోచ్ అనే పదం పుట్టుకలోనే పంతులుగారు ఉన్నారు.

మన వాఙ్మయంలో ఇంతకంటె సూక్ష్మమైన విభాగం ఉంది. మనుధర్మశాస్త్రం రెండవ అధ్యాయంలో ఆచార్యునికీ ఉపాధ్యాయునికీ భేదం చెప్పారు. ఉపనయనం చేసి, వేదాన్ని కల్పంతోను రహస్యంతోను సమగ్రంగా బోధించేవాడు ఆచార్యుడు. వేదంలో ఒక భాగాన్నో, వేదాంగాలనో జీవిక కొరకు చెప్పేవాడు ఉపాధ్యాయుడు. గౌరవంలో ఆచార్యుడు ఉపాధ్యాయుని కంటె పదింతలని కూడా అక్కడే లెక్క కట్టారు. ఆ గ్రంథంలోని ప్రతి మాటతోను నాకు ఏకీభావం లేదు గాని, ఈ విభాగం అమెరికా ఫుట్‌బాల్‌కు అతికినట్టు సరిపోతుంది. అక్కడ అగ్రశ్రేణి కళాశాల జట్టుకు చిరకాలం తొమ్మిదిమంది సహాయ శిక్షకులే ఉండాలని నియమం. 2018లో పదవవానికి అనుమతి లభించింది. ఒక ఆచార్యుడు, పదిమంది ఉపాధ్యాయులు! 2024లో ఆ నియమాన్ని మరింత సడలించి, జట్టు కొలువులో ఉన్న ఇతర సిబ్బంది కూడా మైదానంలో నేర్పవచ్చునన్నారు.

ఈ ఉపాధ్యాయులలో ఒక్కొక్కరిది ఒక్కొక్క భాగం. బంతిని విసిరే నాయకునికి ఒకరు, పరుగెత్తి దానిని అందుకొనేవారికి ఒకరు, ముందువరుసలో గోడలా నిలిచే భారీకాయులకు ఒకరు, వెనుక కాపు కాసేవారికి ఒకరు. పాదం ఎక్కడ మోపాలి, చేయి ఎంత ఎత్తున ఉండాలి, ఎదుటివాని భుజం కదలికను బట్టి వాడు ఎటు పోతాడో ఎలా పసికట్టాలి, ఇదీ పాఠం. ఆట ముగిశాక చిత్రాన్ని తెరమీద వేసి, ఆపి, వెనక్కి తిప్పి తప్పులు చూపిస్తారు. దిద్దిన దస్తూరీ మళ్ళీ మళ్ళీ దిద్దించడమే. వీరిపైన దాడికి ఒకరు, రక్షణకు ఒకరు పర్యవేక్షకులు. వారిని కోఆర్డినేటర్లు అంటారు. ఇది గాక హైస్కూలు పిల్లల ఇళ్ళకు వెళ్ళి, తల్లిదండ్రులతో మాట్లాడి, మీవాణ్ణి మా విశ్వవిద్యాలయానికి పంపండని ఒప్పించే భారమూ వీరి మీదనే ఉంటుంది.

ఈ వృత్తిలో తొలిమెట్టు పేరు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్. ఆడి డిగ్రీ పూర్తిచేసిన యువకుడు పై చదువు చదువుకొంటూ, ఫీజు మినహాయింపుకూ స్వల్పభృతికీ పగలూ రాత్రీ చాకిరి చేస్తాడు. చిత్రాలు కత్తిరించడం, ప్రత్యర్థి వ్యూహాలు అట్టలమీద గీయడం, వచ్చిన అతిథిని విమానాశ్రయం నుంచి తీసుకురావడం అతని పనులు. ఆ మెట్టు దాటితే ఒక విభాగానికి శిక్షకుడు, ఆపైన కోఆర్డినేటర్, అదృష్టం కలిసివస్తే ప్రధాన శిక్షకుడు.

నిక్ సేబన్ చరిత్ర చూడండి. కళాశాల ఫుట్‌బాల్‌లో ఏడుసార్లు జాతీయ విజేత జట్టును తయారుచేసి, 2024 జనవరిలో విరమించిన ఈయన 1973లో కెంట్ స్టేట్‌లో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా మొదలుపెట్టారు. శిక్షకుడు కావాలన్న కోరికతో కాదు. భార్య చదువు ఇంకా ఒక సంవత్సరం మిగిలి ఉండడం వల్ల ఆ ఊరిలోనే ఉండవలసివచ్చి ఒప్పుకున్నారు. అక్కడి నుంచి సిరక్యూజ్, వెస్ట్ వర్జీనియా, ఒహాయో స్టేట్, నౌకాదళ అకాడమీ, మిషిగన్ స్టేట్, ఆపైన వృత్తిజట్టయిన హ్యూస్టన్ ఆయిలర్స్. 1990లో టొలీడో విశ్వవిద్యాలయం ఆయనను ప్రధాన శిక్షకునిగా పిలిచేసరికి పదిహేడేళ్ళు గడిచాయి. ఏడు కొలువులు మారాయి. ఒహాయో స్టేట్‌లో 1981 తరువాత ఉద్యోగం పోయింది కూడా. మహారథుని కథే ఇలా ఉంటే సామాన్యుని మాట చెప్పాలా? సామానులు సర్దడం, విప్పడం, పిల్లలను కొత్త బడిలో చేర్చడం, ఇదే ఆ గృహిణుల జీవితం.

ఉద్యోగం పోవడానికి సహాయకుడు తప్పు చేయనక్కరలేదు. ప్రధాన శిక్షకుణ్ణి తొలగిస్తే ఆయన పరివారమంతా సాధారణంగా ఇంటిదారి పట్టవలసిందే. కొత్తగా వచ్చే ఆయన తన మనుషులను తెచ్చుకొంటాడు. 2000లో అలబామా జట్టు పరాజయాల పాలై ప్రధాన శిక్షకుడు పదవి కోల్పోయినప్పుడు, ఆయన సహాయకుడైన డాబో స్వీనీకి కూడా కొలువు లేకపోయింది. రెండేళ్ళపాటు ఆయన స్థిరాస్తి వ్యాపార సంస్థలో పనిచేసి పొట్టపోసుకున్నారు. 2003లో క్లెమ్సన్ విశ్వవిద్యాలయం పిలిచి అందుకొనేవారి విభాగం అప్పగించింది. 2008లో ప్రధాన పదవి దక్కింది. 2016, 2018 సంవత్సరాలలో ఆయన జట్టు జాతీయ విజేత. ఆ రెండేళ్ళలో తిరిగి పిలుపు రాకపోయి ఉంటే ఒక మంచి ఉపదేష్ట భూముల బేరాలలోనే ఉండిపోయేవాడు. అటువంటి పిలుపు రానివారి కథలు మనదాకా రావు.

అర్హత ఉన్నా తలుపు తెరుచుకోని సందర్భాలు వేరే ఉన్నాయి. సిల్వెస్టర్ క్రూమ్ అలబామాలో ఆడి, అక్కడే చాలాకాలం సహాయ శిక్షకునిగా పనిచేసి, ఆపైన వృత్తిజట్లలో సేవచేసిన నల్లజాతి ఉపదేష్ట. 2003లో అలబామా ప్రధాన పదవికి ఆయన పేరు చివరిదాకా పరిశీలనలో ఉండి తప్పిపోయింది. ఆ సంవత్సరమే డిసెంబరులో మిసిసిపీ స్టేట్ ఆయనను నియమించింది. 1932లో ఏర్పడిన సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌లో తొలి నల్లజాతి ప్రధాన శిక్షకుడు ఆయనే. అప్పటికి ఆయన సహాయకత్వం పాతికేళ్ళు దాటింది. నిచ్చెన అందరికీ ఒకే వాలులో లేదని చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యం అవసరం లేదు.

ఇక ధనం మాట. 2018లో లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం తన రక్షణ కోఆర్డినేటర్ డేవ్ అరాండాకు సాలీనా 25 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. అప్పటికి అది శిఖరం. 2023లో టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం ప్రధాన శిక్షకుణ్ణి మధ్యలో తొలగించినప్పుడు ఆయనకు ఒప్పందం ప్రకారం ఇవ్వవలసివచ్చిన మొత్తం ఏడున్నర కోట్ల డాలర్లకు పైమాట. ఇదే లోకంలో, బాస్కెట్‌బాల్‌లో తొలిమెట్టు శిక్షకుల జీతం సంవత్సరానికి 16,000 డాలర్లు మించరాదని కళాశాల క్రీడాసంఘమైన ఎన్‌సీఏఏ 1990 దశాబ్ది ఆరంభంలో కట్టడి విధించింది. శిక్షకులు న్యాయస్థానానికి వెళ్ళారు. 1998లో అప్పీలు కోర్టు అది చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. 1999లో సంఘం 5 కోట్ల 45 లక్షల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది. పైమెట్టున వాడికి పరిమితి లేదు, కింది మెట్టున వాడికి మాత్రం కళ్ళెం! తొలిమెట్టు జీతం బ్రతకడానికి చాలనప్పుడు ఆ మెట్టు ఎక్కగలిగేది తండ్రి ఆస్తి ఉన్నవాడు, లేదా పస్తులకు సిద్ధపడినవాడు. ప్రతిభకు అక్కడే సగం వడపోత జరిగిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అగ్రశ్రేణిలో 130 పైచిలుకు కళాశాల జట్లు ఉన్నాయి. జట్టుకు పదిమంది అనుకుంటే సహాయకులు 1,300 పైచిలుకు. ప్రధాన పదవులు 130 పైచిలుకే. ఏ కాలంలో చూసినా పదిమందిలో తొమ్మిదిమంది సహాయకులుగానే ఉంటారన్నది కూడికలు వచ్చిన పిల్లవాడు కూడా చెప్పగలడు. పదింట తొమ్మిదిమందిని విఫలులుగా చూపించే కొలబద్ద కొలబద్దేనా?

బడ్ ఫాస్టర్‌ను చూడండి. 1987లో తన గురువు ఫ్రాంక్ బీమర్ వెంట వర్జీనియా టెక్‌కు వచ్చి, 1995 నుంచి రక్షణ విభాగం బాధ్యత వహించి, 2019లో అక్కడే విరమించారు. గురువు 2015లో తప్పుకున్నా, కొత్త ప్రధాన శిక్షకుడు ఈయనను వదులుకోలేదు. పనివాళ్ళు మధ్యాహ్నం భోజనం పెట్టుకుపోయే రేకుడబ్బా ఆయన విభాగానికి చిహ్నం. ఏ పూట కూడు ఆ పూట కష్టపడి సంపాదించాలన్నది ఆ డబ్బా చెప్పే పాఠం. అలాగే మికీ ఆండ్రూస్ ఫ్లోరిడా స్టేట్‌లో 1984 నుంచి 2009 వరకు రక్షణ కోఆర్డినేటర్‌గా ఉన్నారు. ఉత్తమ సహాయ శిక్షకునికి ఇచ్చే బ్రాయిల్స్ పురస్కారం 1996లో మొదలైనప్పుడు తొలి గ్రహీత ఆయనే. 2006లో ఫాస్టర్ అందుకున్నారు. వీరిని ఎక్కలేక ఆగిపోయినవారు అనడానికి నాకు నోరు రాదు.

మహాభారతంలో కౌరవపాండవులకు మొదట విలువిద్య నేర్పినవాడు కృపుడు. తరువాత ద్రోణుడు వచ్చాడు. ఆయన కృపునికి స్వయానా బావ. ప్రధాన పీఠం ద్రోణునిదైంది. కృపుడు అలిగి వెళ్ళిపోలేదు. ద్రోణుని విద్య కీర్తితోపాటు పంతాలనూ పగలనూ మోసింది. యుద్ధం ముగిసి, కాలం గడిచి, పాండవులు మహాప్రస్థానానికి బయలుదేరుతూ పరీక్షిత్తును శిష్యునిగా ఒప్పగించినది మాత్రం కృపుని చేతిలోనే. లోకం ఆయననూ కృపాచార్యుడనే పిలిచింది.

మన ఉన్నత పాఠశాలలలో ఒక్కొక్క విషయం బోధించే ఉపాధ్యాయుని హోదా పేరు స్కూల్ అసిస్టెంట్. ఇక్కడా సహాయకుడే! పదోన్నతి అంటే ప్రధానోపాధ్యాయ పదవి. లెక్కలు కథలా చెప్పగల ఉపాధ్యాయులు ఆ కుర్చీలో కూర్చున్నాక మధ్యాహ్న భోజనపు బిల్లులు, హాజరు పట్టీలు, పై అధికారుల ఉత్తరాల నడుమ సుద్దముక్క మరచిపోవడం నేను అనేక పర్యాయాలు చూశాను. బడికి ఒక సగటు పాలకుడు దొరికాడు, ఒక గొప్ప పంతులు పోయాడు.

పైకి రావాలనుకోవడం తప్పా అని మీరు అడగవచ్చు. ఎంతమాత్రం కాదు. పాలించే నేర్పు ఉన్నవారు పాలించాలి. సేబన్ దగ్గర ఎనిమిదేళ్ళు రక్షణ కోఆర్డినేటర్‌గా ఉన్న కర్బీ స్మార్ట్, జార్జియాకు ప్రధాన శిక్షకుడై 2021, 2022 సంవత్సరాలలో విజేతగా నిలిచారు. అటువంటివారిని ఆపమని ఎవరంటారు? అయితే సేబన్ ప్రధాన శిక్షకుడయ్యాక కూడా అభ్యాసవేళ వెనుక కాపు కాసేవారి దగ్గరకు వెళ్ళి స్వయంగా పాఠం చెప్పేవారట. పీఠం ఎక్కినా నేర్పాలన్న దాహం తీరదన్నమాట. ఆ దాహాన్నే వృత్తిగా చేసుకొని నిలిచిపోయేవానికి జీతంలోను, గౌరవంలోను, ఉద్యోగభద్రతలోను కొరత రాకూడదన్నదే నా వాదం.

అందుకు చేయదగినవి అసాధ్యాలు కావు. తొలిమెట్టువానికి కుటుంబం గడిచే జీతం ఇవ్వాలి. ప్రధాన శిక్షకుణ్ణి తొలగించినప్పుడు సహాయకుల పనిని వేరుగా విచారించాలి. వర్జీనియా టెక్‌లో జరిగినట్టు, ఉంచదగినవారిని ఉంచాలి. ఒకే విభాగంలో ఏళ్ళ తరబడి నేర్పినవానికి ఆ అనుభవానికి తగిన హోదా కల్పించాలి. కోట్ల డాలర్లు పరిహారంగా ఇచ్చి పంపగల విశ్వవిద్యాలయాలకు ఇది భారం కాబోదు. మన బడులకైతే మరీ సులభం: బోధనలోనే ఉండదలచిన ఉపాధ్యాయునికి ప్రధానోపాధ్యాయునితో సమానమైన జీతం ఇచ్చి, తరగతి గదిలోనే ఉండనివ్వడం.

ఆ ఆట తెలిసిన యువమిత్రులు, బడి తెలిసిన పెద్దలు ఈ విషయంలో తమ ఆలోచనలు తెలియజేస్తే సంతోషిస్తాను.